మొదటి జాడీ మన ఇంటికి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నన్ను మాట్లాడమని చెప్పిన అంశం "ఇంటి వంట, పెరటి పంట నిలవ చేసుకోవడం". ఈ మాట మా సంఘం మీటింగులో చెప్తే ఒకక్క నవ్వింది. "వంట గురించి మనకు ఒకరు చెప్పాల్నా? బుద్ధి తెలిసినప్పటి నుంచి అదే పని కదా" అనింది. నిజమే. ఇక్కడ కూర్చున్న వాళ్లలో నాకన్నా బాగా ఊరగాయ పెట్టేవాళ్లు వంద మంది ఉంటారు. అందుకని మా సంఘం ఊరగాయ పెట్టి ఎట్ల నష్టపోయిందో, ఆ నష్టం తర్వాత మా కళ్లు ఎట్ల తెరుచుకున్నాయో అది చెప్తాను. బాగా జరిగింది చెప్పుకుంటే చప్పట్లు వస్తాయి. చెడిపోయింది చెప్పుకుంటే ఇంకో సంఘానికి డబ్బులు మిగులుతాయి.

మన దిక్కు టమోటా సంగతి మీకు తెలియంది కాదు. మదనపల్లె మార్కెట్టుకు పోయే టమోటాతోనే మన బతుకు. 2023 జూలైలో కిలో వంద రూపాయలు దాటిపోయినప్పుడు, టమోటా పండించే ఊర్లో ఉండి కూడా మనం ఉత్త చింతపండు చారే పెట్టుకున్నాం. అదే టమోటా ఇంకో ఏడు కోత కూలికి కూడా సరిపోక చేన్లోనే వదిలేసినాం, ఆవులకు వేసినాం, రోడ్డు పక్కన పారబోసినాం. పారబోసిన ఇంట్లోనే నాలుగు నెలలు పోతే సంచి పట్టుకుని అంగడికి పోయి కిలో టమోటా కొంటాం. ఒక్క టమోటాయే కాదు. పెరట్లో వంకాయ కాస్తే ఒకేసారి బుట్టెడు కాస్తుంది, పక్కింటికి ఇస్తాం, వాళ్లూ మనకు వంకాయలే ఇస్తారు. మునగాకు చెట్టు నిండా ఉంటుంది, ఎండాకాలం ఆకుకూర కట్ట పది రూపాయలు పెట్టి కొంటాం.

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చింది కదా. మార్చి ఆఖర్లో బండ్లు ఆగిపోయినాయి. మాకు అర ఎకరా టమోటా అప్పుడే కోతకు వచ్చింది. బాక్సులు పేర్చుకుని ఎవరన్నా వస్తారేమో అని ఇంటి ముందర కూర్చున్నా. మా అత్త చూసి చూసి, "ఏమ్మే, ఎందుకట్ల దిగులు పడి కూర్చున్నావు? కత్తిపీట తీసుకురా, ఒరుగులు కోద్దాం" అనింది. ఒరుగులు అనే మాట విన్నాను గానీ చేసింది నేనెప్పుడూ చూడలేదు. మా కాలానికి అన్నీ అంగట్లో దొరుకుతాయి అనుకునే పెరిగినాం.

ఆ పొద్దు ఇద్దరం కూర్చుని 30 కిలోలు కోసినాం. ఒక్కో కాయను నాలుగు ముక్కలు చేసి, ఉప్పు చల్లి, మిద్దె మీద పాత చీర పరిచి ఎండబెట్టినాం. సాయంత్రం మంచు పడకుండా తీసుకురావడం, పొద్దున మళ్లీ పరచడం. ఐదో రోజుకు అది ఎండి రెండు కిలోలు అయింది. నాకు ఏడుపు వచ్చింది. "ఇంత కష్టపడితే ఇంతేనా అత్తా" అన్నాను. "టమోటా అంతా నీళ్లే కదా, నీళ్లు ఎండకు పొయినాయి, కాయ మనకు మిగిలింది" అనింది. ఆమె అన్నది సరైన లెక్కే. టమోటాలో నూటికి 94 పాళ్లు నీళ్లే ఉంటాయి. కిలోకు 60, 70 గ్రాముల ఒరుగు వస్తుంది, అంతే. ఆ రెండు కిలోల ఒరుగులు మాకు దీపావళి దాకా వచ్చినాయి. నాలుగు ముక్కలు వేడినీళ్లలో నానేసి పప్పులో వేస్తే చాలు, ఇల్లంతా పుల్లటి వాసన.

అప్పుడు నాకు ఒకటి అనిపించింది. మనం సంఘాల్లో పొదుపు నేర్చుకున్నాం అనుకుంటాం గానీ మన అత్తలు, అవ్వలు అంతకుముందే పొదుపు చేసినారు. వాళ్ల పాసు పుస్తకం జాడీ. పంట ఎక్కువ ఉన్నప్పుడు వేసి, లేనప్పుడు తీసేవాళ్లు.

ఆ ఒరుగులు చూసి మా సంఘంలో అందరికీ ఆశ పుట్టింది. మరుసటి ఏడు శ్రావణంలో టమోటా చౌకగా ఉండింది. జిల్లా కేంద్రంలో సంఘాల స్టాలు పెడతాం, మీరూ సరుకు తెస్తారా అని అడిగినారు. పదిమందిమి కూర్చుని టమోటా ఊరగాయ పెడదామని తీర్మానం రాసుకున్నాం. గ్రామ సంఘం నుంచి 15,000 అప్పు తీసుకున్నాం. ఖర్చు లెక్క నాకు ఇప్పటికీ నోటికే వస్తుంది. టమోటా 150 కిలోలు, కిలో 8 రూపాయల లెక్కన 1,200. నూనె 20 లీటర్లు 3,200. కారం పది కిలోలు 2,000. చింతపండు 900. పావుకిలో డబ్బాలు 200, వాటికి 2,400. స్టిక్కర్లు 800. ఆటోలకు 900. మొత్తం 11,400. ఉప్పు, ఆవాలు, మెంతులు, తెల్లగడ్డలు ఇండ్ల నుంచే తెచ్చుకున్నాం, అవి రాయలేదు. మా కూలి అసలు రాయలేదు.

ముక్కలు ఉప్పులో ఊరేసిన రోజు ఎండ బాగుంది. పిండి ఎండబెట్టాల్సిన రోజు మబ్బు పట్టింది. రెండో రోజు తుంపర. మూడో రోజు ఎండ వచ్చీ రానట్టు వచ్చింది. స్టాలు తేదీ దగ్గరికి వచ్చేసింది. మా అత్త వచ్చి ముక్క పట్టుకుని చూసి, "ఇంకా తడి ఉంది, ఇంకో రెండు దినాలు ఎండాల" అని చెప్పింది. మేము వినలేదు. తేదీ దాటిపోతుంది అన్నాం. ఊరిన రసాన్ని కూడా ఒకరోజు ఎండకు పెట్టాలి, అదీ పెట్టలేదు. తిరగమోత నూనె పూర్తిగా ఆరకముందే కలిపినాం, వేడి మీదనే డబ్బాలకు ఎత్తి మూత పెట్టినాం. డబ్బాలు కడిగి తుడిచినాం గానీ ఎండలో ఆరబెట్టలేదు.

స్టాలు ఇంకా ఐదు రోజులు ఉందనగా ఒక డబ్బా తెరిచి చూస్తే పైన తెల్లగా బూజు. రెండోది తెరిచినాం, దాంట్లోనూ ఉంది. ఇరవై తెరిస్తే పద్నాలుగింటిలో ఉంది.

ఆ రాత్రి మా సంఘం మీటింగు నేను ఎప్పటికీ మర్చిపోను. ఒకక్క, "పైన ఉన్నది తీసేసి, కొంచెం నూనె పోసి, ఉప్పు వేసి కలిపితే ఎవరికి తెలుస్తాది?" అనింది. ఆమె చెడ్డది కాదు. ఇంట్లో మొగుడికి చెప్పకుండా సంఘంలో అప్పుకు సంతకం పెట్టింది, ఆ భయం. నిజం చెప్తున్నా, నాకు కూడా ఒక్క నిమిషం అదే బుద్ధి పుట్టింది. లీడరుగా సంతకం నాది కదా. అప్పుడు మాలో చిన్నామె, అంగన్‌వాడీకి బిడ్డను పంపే ఆమె, ఒక్క మాట అడిగింది. "అక్కా, ఆ డబ్బాలో ఒకటి ఇప్పుడు తీసుకుపోయి మన పిల్లోళ్లకు పెడదామా?" ఎవరూ మాట్లాడలేదు. తెల్లారి గుంత తవ్వి 200 డబ్బాల సరుకూ పారబోసినాం. మిగతా డబ్బాలు పైకి బాగున్నా పారబోసినాం, ఎందుకంటే బూజు కంటికి కనిపించేంత పైన మాత్రమే ఉండదు, లోపలికి కూడా దిగి ఉంటుంది. తీసేసి తింటే సరిపోదు. చెనిక్కాయలు, ఎండు మిరపకాయలు బూజు పట్టినా ఇంతే అక్కా, గింజ బాగుంది కదా అని ఏరి వాడొద్దు, ఆ బూజు విషం కాలేయానికి చేటు.

11,400 పదిమందికి పంచితే తలకు 1,140 పడింది. ఆరు నెలలు కట్టుకున్నాం. ఒక్క వాయిదా తప్పలేదు, గ్రామ సంఘానికి చెడ్డపేరు తేలేదు. కానీ మూడు నెలలు మీటింగులో ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ దినాల్లోనే అంగన్‌వాడీ దగ్గర ఏఎన్ఎం మేడమ్ రక్తం పరీక్ష చేసింది. ఆడవాళ్లకు 12 ఉండాలి, గర్భిణీలకు 11కు తగ్గకూడదు. నాకు 8.4 వచ్చింది. కొన్ని నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, కూర్చుని లేస్తే కళ్లు తిరగడం ఉండేది, పని ఎక్కువై అనుకున్నా. ఆమె మాత్రలు రాస్తా అడిగింది. "పొద్దున ఏం తింటివమ్మా?" "సంగటి మేడమ్." "దాంట్లోకి?" "ఊరగాయ." "నిన్న రాత్రి?" "అన్నం, చారు." "దాంట్లోకి?" "ఊరగాయ." ఆమె పెన్ను ఆపి నా ముఖం చూసింది. "ఇంట్లో పప్పు చేయలేదా?" అనింది. చేసినాను. గోంగూర పప్పు చేసినాను. ఆయన తిన్నాడు, పిల్లోళ్లు తిన్నారు, మామ తిన్నాడు. నేను కూర్చునే యాలకు గిన్నె అంచులకు అంటుకున్నదే ఉంది. దాంట్లో ఇంత అన్నం వేసి కలిపి, చాలలేదని ఊరగాయ వేసుకున్నాను. ఎవరూ నాకు పెట్టొద్దని చెప్పలేదు. నేనే మిగిల్చుకోలేదు.

నా ఒక్కదాని కథ అయితే ఇక్కడ చెప్పే పని లేదు. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. అంటే ఈ హాల్లో మీ ఎడమ పక్క, కుడి పక్క ఉన్న ఇద్దరిలో ఒకరికన్నా ఉందనుకోవచ్చు. దానికి కారణాలు చాలా ఉంటాయి. నులిపురుగులు, ఎక్కువ నెలసరి, దగ్గర దగ్గర కాన్పులు, ఇంకా ఏవేవో. తిండి దాంట్లో ఒకటి. అది మన చేతిలో ఉన్నది.

తర్వాతి మీటింగులో నేను ఒకటి చెప్పినా. మనం పొదుపు రాస్తాం, అప్పు రాస్తాం, వడ్డీ రాస్తాం. ఒక్క నెల తిండి లెక్క రాద్దాం. ఇంట్లో ఏం వండినారో కాదు, నువ్వు ఏం తిన్నావో రాయాలి. అబద్ధం రాయకూడదు. కొందరు నవ్వినారు, అయినా రాసినారు. నెల తర్వాత పుస్తకాలు ముందర పెట్టుకుని చూస్తే పదిమందిలో ఏడుగురం సగానికి పైగా పూటలు ఊరగాయతోనో, ఉత్త చారుతోనో తిన్నాం. అదే ఇండ్లలో, అదే పూటల్లో, పప్పు ఉంది, కూర ఉంది, గుడ్డు కూడా ఉంది.

అప్పుడు మాకు తెలిసింది ఏమంటే, మనం ఊరగాయను కూర జాగాలో పెట్టుకున్నాం. ఊరగాయ రుచికి. దాంట్లో ఉండేది ఎక్కువ ఉప్పు, నూనె, కారం. మనిషికి రోజు మొత్తానికి ఐదు గ్రాముల ఉప్పు, అంటే ఒక టీ చెంచాడు మించకూడదని డాక్టర్లు చెప్తారు. రెండు పూటలా ఊరగాయ కలుపుకుంటే అదే చాలావరకు తినేస్తుంది. మన ఊర్లలో బీపీ మాత్రలు వేసుకునే ఆడవాళ్లు ఎంతమంది అయినారో మీకే తెలుసు. కాబట్టి నిలవ చేయడం అంటే ఊరగాయ ఒక్కటే అనుకోవద్దు. కూరకు పనికొచ్చేది నిలవ చేయాలి. ఒరుగులు, ఎండు ఆకు పొడులు, ఎండు గింజలు.

మా సంఘం ఇప్పుడు చేసేది చెప్తాను. మీకు తెలిసినవే ఉంటాయి, తెలియనివి తీసుకోండి.

టమోటా ఒరుగులు ఏప్రిల్, మే ఎండల్లోనే చేస్తాం. వానకాలం ముట్టుకోము. గట్టిగా ఉన్న పండ్లు తీసుకోవాలి, మెత్తబడినవి వద్దు. ఉప్పు కొంచెమే చల్లాలి, ఒరుగుకు ఎండ ముఖ్యం, ఉప్పు కాదు. పైన పలుచని తెల్ల గుడ్డ కప్పితే ఈగలు, దుమ్ము రావు. ముక్క వంచితే తోలు మాదిరి వంగాలి, చేతికి తడి అంటకూడదు, రెండు ముక్కలు కలిపి నొక్కితే అతుక్కోకూడదు. అప్పుడే డబ్బాకు ఎత్తాలి. వానకాలంలో నెలకోసారి ఎండ కాసిన రోజు చూసి మళ్లీ ఎండకు చూపించాలి.

వంకాయ, కాకరకాయ, గోరుచిక్కుడు ఎండబెట్టేటప్పుడు మరిగే నీళ్లలో ఇంత ఉప్పు వేసి రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, నీళ్లు ఓడ్చి ఎండబెడితే రంగు పోదు, ఎక్కువ దినాలు నిలుస్తాయి. వంకాయ ముక్కలు కోసిన వెంటనే ఉప్పు నీళ్లలో వేయకపోతే నల్లబడతాయి, అది మీకు తెలిసిందే.

మునగాకు, తోటకూర, గోంగూర, చింతచిగురు మాత్రం ఎండలో వేయొద్దు. కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చి, గాలి తగిలే నీడలో గుడ్డ మీద పలుచగా పరచాలి. కటిక ఎండ తగిలితే రంగు పోతుంది, కంటిచూపుకు పనికొచ్చే విటమిన్ ఏ కూడా చాలా పోతుంది. నాలుగైదు రోజుల్లో గలగలలాడితే పొడి చేసుకోవచ్చు. కిలో మునగాకుకు 200 గ్రాముల లోపే పొడి వస్తుంది. పిడికెడు పొడి పప్పులో వేసినా, సంగటి కెలికేటప్పుడు రాగి పిండిలో కలిపినా పిల్లోళ్లకు తెలియదు. పచ్చి ఆకు ఉన్నన్ని దినాలు పచ్చిదే వండుకోండి. ఎండబెడితే విటమిన్ సి చాలావరకు పోతుంది. అందుకని ఎండు కూర వండిన రోజు పళ్లెంలో అర చెక్క నిమ్మకాయ పెట్టుకోవాలి, లేదంటే ఒక ఉసిరికాయో జామకాయో తినాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే ఆ పులుపు సాయం చేస్తుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము సరిగా పట్టదు. మనకు తిన్న వెంటనే టీ కావాలి, నాకు ఈ అలవాటు మానడమే అన్నిటికన్నా కష్టమైంది. ఇప్పుడు గంట ఆగి తాగుతున్నా.

మజ్జిగ మిరపకాయలు, గుమ్మడి వడియాలు మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్క మాట మాత్రం. వడియాల్లో మినప్పప్పు ఉంటుంది కాబట్టి అది కూరకు తోడు. పులుసులో వేసుకుంటే బాగుంటుంది, నూనెలో వేయించుకోవడం ఒక్కటే దారి కాదు.

అనపకాయల కాలంలో, సంక్రాంతికి అటూ ఇటూ, పితికిపప్పు పులుసు చేసుకుని తృప్తిగా తింటాం. మిగిలినవి ఎండనిచ్చి అనుములు దాచుకుంటే ఎండాకాలం గుగ్గిళ్లకు, కూరకు వస్తాయి. అలసందలు, ఉలవలు అంతే. వీటిని పూర్తిగా ఎండబెట్టి, ఎండు వేపాకు వేసి దాచుకుంటాం. మార్చిలో చింతపండు గింజ తీసి ఉప్పు కలిపి ముద్దలు చేసి పెట్టుకుంటే ఏడాది కొనే పని లేదు.

ఊరగాయ కూడా పెడతాం, మానలేదు. ముక్క ఎండాల్సినంత ఎండాలి, జాడీ ఎండలో ఆరాలి, నూనె ఆరినాకే కలపాలి, పైన వేలు మందం నూనె తేలాలి, గరిట తడిగా ఉండకూడదు. ఇవి మా 11,400 రూపాయల పాఠాలు.

ఇక అన్నం పళ్లెం సంగతి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పేది ఏమంటే, పళ్లెంలో దాదాపు సగం కూరగాయలు, పండ్లే ఉండాలి. మన పళ్లెంలో గుట్ట అన్నం ఉంటుంది, పక్కన చిటికెడు కూర. అంతా ఒకేసారి మారదు. మా ఇంట్లో ఇట్ల చేస్తున్నాం. పొద్దున రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఏదో ఒక ఆకు పుల్లగూర. రాగి వంద గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఇస్తుంది, బియ్యంలో దాంట్లో పదో వంతు కూడా లేదు. మధ్యాహ్నం అన్నం, పప్పు, పెరట్లో ఉన్న కూర, మజ్జిగ. పెరట్లో ఏమీ లేని దినాల్లో ఒరుగుల కూర. రాత్రికి ఉలవల చారో, అలసంద కూరో, కుదిరిన రోజు గుడ్డు. దీనికి కొత్తగా పెద్ద ఖర్చేమీ పెట్టలేదు.

కానీ అక్కా, ఇంత చేసినా, గిన్నె అడుగునే మనం తింటే ఏం లాభం? అందుకే మా సంఘంలో ఇంకో తీర్మానం చేసుకున్నాం. వండిన వెంటనే, ఎవరికీ వడ్డించకముందే, వండినామె తన వాటా కూర ఒక చిన్న గిన్నెలోకి తీసి మూత పెట్టాలి. దొంగతనంగా కాదు, అందరూ చూస్తుండగా. కుదిరితే అందరితో కలిసి కూర్చుని తినాలి.

మొదటి రోజు నేను గిన్నె తీసి పెడుతుంటే ఆయన, "అది ఎవరికి?" అన్నాడు. "నాకు" అన్నాను. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది, నమ్ముతారో లేదో. ఆయన ఏమీ అనలేదు, తల ఊపి తిన్నాడు. మూడు నాలుగు రోజులకు ఆయనే "నీ గిన్నె తీసిపెట్టుకున్నావా?" అని అడగడం మొదలుపెట్టినాడు.

నాకు బాధ కలిగిన సంగతి వేరే. వారం రోజులు నా గిన్నె తీసుకున్న తర్వాత ఒక రాత్రి చూస్తే మా అత్త ఊరగాయతో తింటా ఉంది. నాకు ఒరుగులు నేర్పిన మనిషి, ఆ రోజు తడి ఉందని చెప్పిన మనిషి. ఇన్నేళ్లుగా నేను నా పళ్లెం చూసుకోలేదు అనుకున్నా, ఆమెది అసలే చూడలేదు. "అత్తా, నీకు కూర తీసిపెట్టలేదే" అన్నాను. "పోనీలేమ్మే. ఈ ఇంటికొచ్చి నలభై ఏండ్లయింది, నా తట్టలో ఏముందని అడిగినోళ్లు ఎవరు?" అనింది. కోపంగా అనలేదు. మామూలుగా అనింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు గిన్నెలు తీస్తాం.

మాత్రలు డాక్టరు చెప్పినన్ని నెలలు వేసుకున్నాను, తిండి మార్చుకున్నాను. రెండూ చేసినా. తర్వాత పరీక్షలో 11.6 వచ్చింది. ఇంకా 12 కాలేదు. కానీ మెట్లు ఎక్కుతున్నాను. ఈరోజు ఇంతసేపు నిలబడి మాట్లాడుతున్నాను, చూస్తున్నారు కదా.

అమ్మకం సంగతి అడుగుతారు, చెప్తాను. మానుకోలేదు. రెండేళ్లు ఆగి మళ్లీ మొదలుపెట్టినాం, ఈసారి ఒరుగులు, మునగాకు పొడితో, తక్కువ సరుకుతో. తిండి వస్తువు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బా మీద ఆ నంబరు, తయారు చేసిన తేదీ, ఎన్ని నెలల్లో వాడాలి, ఏమేం వేసినాం, బరువు ఎంత అన్నీ రాయాలి. అవి తీసుకున్నాకే అమ్మినాం. లెక్కలో ఇప్పుడు మా కూలి కూడా రాస్తున్నాం. కూలి రాయని లెక్కలో లాభం కనిపిస్తుంది గానీ అది మన ఒళ్లు అరిగిన డబ్బు. ప్రతి దఫా ఐదు డబ్బాలు పక్కన పెట్టి నెల తర్వాత తెరిచి చూస్తాం, బాగుంటేనే మిగతావి బయటికి పోతాయి. ఆర్డరు తేదీ కోసం ఎండను తొందరపెట్టము. ఎండ మన సంఘం సభ్యురాలు కాదు, మన తీర్మానం వినదు.

ఇంకొక నియమం ఉంది. మొదటి జాడీ ఇంటికి. ప్రతి సభ్యురాలు తన ఇంటికి కావలసిన ఒరుగులు, పొడి ముందు తీసుకుపోవాలి, తర్వాతే అమ్మకానికి. మొదట్లో కొందరు ఒప్పుకోలేదు, "డబ్బులొచ్చేది ఇంట్లో పెట్టుకుంటే ఎట్ల" అన్నారు. పాలు డైరీకి పోసి పిల్లోళ్లకు నీళ్ల టీ ఇచ్చే ఇండ్లు మన ఊర్లలో ఎన్ని లేవు? పోషణ అమ్మేసి మాత్రలు కొనుక్కుంటామా అని అడిగితే ఒప్పుకున్నారు.

ఈ మహాసభలో నేను కోరేది మూడు. ఒకటి, ప్రతి గ్రామ సంఘం ఒక్క నెల తిండి లెక్క రాయించాలి. డబ్బు ఖర్చు లేని పని. రెండు, రక్త పరీక్ష జరిగే రోజు ముందుగా సంఘం మీటింగులో చెప్పి, సభ్యులందరూ పోయేటట్టు, పెద్దవాళ్లను, అత్తలను కూడా తీసుకుపోయేటట్టు చూడాలి. మూడు, ఏప్రిల్ నెలలో ప్రతి ఊర్లో ఒక మిద్దె మీద అందరూ కలిసి ఒరుగులు ఎండబెట్టుకోవాలి. పెద్దవాళ్లు నేర్పుతారు, చిన్నవాళ్లు మోస్తారు.

మన సంఘంలో పొదుపు చేసిన ప్రతి ఒక్కరికీ అప్పు అడిగే హక్కు ఉంది. లీడరైనా, సభ్యురాలైనా ఒకటే. వంటింట్లో కూడా అట్లనే ఉండాలి. జాడీలో వేసినామెకు జాడీలో నుంచి తీసుకునే హక్కు ఉండాలి.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనాలకు లేస్తాం. ఈరోజు వండింది కూడా మన సంఘం అక్కలే. ఒక్క మనవి. వడ్డించేవాళ్లను ఆఖరికి వదిలేయొద్దు. వాళ్లకు కూర తీసిపెట్టినారా లేదా అని అడిగి, ఆ తర్వాత మనం కూర్చుందాం.